రాయడం బాగా రావాలంటే ట్యూటర్ అవసరమా?

సగంపేజీ | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడివన్నీ చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు.

ఆఫీసులో నా పని సగం రాతపనే. రిపోర్టులు, మెయిళ్ళు, మీటింగ్ నోట్సు. ఇంటికొచ్చాక సొంతంగా వ్యాసాలు రాసుకుంటాను. ఏదీ పేజీ దాటదు (పేరు అందుకే). మొదలుపెట్టేటప్పుడు బుర్రలో బ్రహ్మాండంగా ఉంటుంది, కాగితం మీదకొచ్చేసరికి చప్పబడిపోతుంది. చదివినవాళ్ళు "బాగుంది" అంటారు. అది ఏ రకం బాగుందో వాళ్ళ మొహం చూస్తేనే తెలిసిపోతుంది.

తెలిసినవాళ్ళ ద్వారా ఒక ట్యూటర్ దొరికారు. వారానికి ఒక గంట, నా ఒక్కదానికే, ఆన్‌లైన్‌లో. ఫీజు తక్కువేం కాదు. ఇంట్లోనేమో "ఈ వయసులో ప్రైవేటేంటి, నాలుగు మంచి పుస్తకాలు చదువుకోక" అంటున్నారు. రాయడం అసలు ఒకరు నేర్పితే వచ్చేదేనా? చదువుతూ, రాస్తూ పోతే అదే వస్తుందా? ఎవరి దగ్గరైనా నేర్చుకున్నవాళ్ళుంటే ఏం మారిందో చెప్పండి. "ఎవరి ఇష్టం వాళ్ళది" అనే జవాబు మాత్రం వద్దు, ప్లీజ్.

ఒంటిగంట | సోమవారం, రాత్రి 10:15

డబ్బు దాచుకోండి.

అమెరికా నేత, రచయిత బెంజమిన్ ఫ్రాంక్లిన్ రాయడం ఎలా నేర్చుకున్నాడో ఆత్మకథలో పూసగుచ్చినట్టు చెప్పాడు. అన్న ప్రింటింగ్ ప్రెస్సులో పని నేర్చుకుంటున్న కుర్రాడు. స్పెక్టేటర్ అనే పత్రిక సంపుటం ఒకటి చేతికి దొరికింది. నచ్చిన వ్యాసం తీసుకుని, ఒక్కో వాక్యంలోని భావానికి చిన్న గుర్తు రాసుకునేవాడు. కొన్నాళ్ళు పక్కన పడేసి, అసలు వ్యాసం చూడకుండా ఆ గుర్తుల నుంచి మొత్తం మళ్ళీ తన మాటల్లో రాసేవాడు. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టుకుని తన తప్పులు తనే దిద్దుకునేవాడు. తనకు మాటలు చాలడం లేదనిపించి కొన్ని కథల్ని పద్యాలుగా మార్చాడు, ఆ వచనం మర్చిపోయాక పద్యాల్ని మళ్ళీ వచనం చేశాడు. ఒక్కోసారి ఆ గుర్తులన్నీ కలగాపులగం చేసి, కొన్ని వారాల తర్వాత సరైన వరసలో పేర్చుకునేవాడు. ఆలోచనను ఒక క్రమంలో పెట్టడం అలవడాలని.

1722లో, పదహారేళ్ళ వయసులో, మారుపేరుతో రాసిన కాగితాలు రాత్రిపూట ప్రెస్సు తలుపు కిందనుంచి లోపలికి తోశాడు. అన్నా, ఆయన స్నేహితులూ చదివి, ఇదెవరో బాగా చదువుకున్నాయన రాశాడనుకుని అచ్చేశారు. ట్యూటర్ ఎవరండీ అక్కడ?

పదునులేనిపెన్సిల్ | సోమవారం, రాత్రి 10:22

నేనూ మొదలుపెట్టా ఈ పద్ధతి. వ్యాసం చదివాను, గుర్తులు రాసుకున్నాను, పక్కన పెట్టాను. ఆ "పక్కన పెట్టడం" దగ్గరే ఉన్నాను ఇప్పటికీ.

నల్లబల్ల | మంగళవారం, ఉదయం 6:50

ఒంటిగంట గారూ, అదే ఆత్మకథలో అంతకు ఒక పేజీ ముందు ఏముందో కూడా చెప్పాలి కదా.

ఫ్రాంక్లిన్‌కీ ఒక స్నేహితుడికీ ఒక విషయం మీద వాదన పడింది. ఇద్దరూ ఉత్తరాలు రాసుకున్నారు. ఆ కాగితాలు ఫ్రాంక్లిన్ తండ్రి కంటపడ్డాయి. ఎవరి వాదన సరైనదో ఆయన మాట్లాడలేదు. రాసిన తీరు గురించి మాత్రం కూర్చోబెట్టి చెప్పాడు: నీ స్పెల్లింగు, విరామచిహ్నాలు ఆ అబ్బాయికన్నా నయం (ప్రెస్సులో పని కదా), కానీ చెప్పే తీరులో, క్రమంలో, స్పష్టతలో అతనే నీకన్నా చాలా మెరుగు. ఊరికే అనలేదు, ఇదిగో ఇక్కడ, ఇదిగో ఇక్కడ అని ఉదాహరణలు చూపించాడు. ఆ మాటల్లో న్యాయం కనిపించి, అప్పటినుంచి రాసే తీరు మీద శ్రద్ధ పెట్టానని ఫ్రాంక్లినే రాసుకున్నాడు. మీరు చెప్పిన సాధన అంతా ఆ తర్వాతిదే.

తండ్రి రోజూ పాఠం చెప్పలేదు, నిజమే. చెప్పింది ఒక్క పూట. కానీ ఆ పూట లేకపోతే తన లోపం స్పెల్లింగులో లేదని, క్రమంలో ఉందని ఆ కుర్రాడికి ఎలా తెలిసేది? క్లాసులో ఏళ్ళ తరబడి చూస్తున్నాను. కష్టపడని పిల్లలు తక్కువే. ఎక్కువమంది కష్టపడేది తమకు ఇప్పటికే వచ్చిన దానిమీద. చేతిరాత బాగున్నవాడు చేతిరాతే దిద్దుకుంటాడు.

ఒంటిగంట | మంగళవారం, ఉదయం 8:05

సరే, తండ్రి సంగతి ఒప్పుకుంటా. కానీ ఆయన ఫీజు తీసుకోలేదు!

గణాంకం | మంగళవారం, మధ్యాహ్నం 1:30

ఈ చర్చలో ఎవరో ఒకరు "ఒక్కరికే చెబితే మామూలు విద్యార్థి కూడా క్లాసులో నూటికి తొంభై ఎనిమిది మందిని దాటేస్తాడు" అనేస్తారు, ఆ మాట రాకముందే చెప్పేస్తాను. అది బెంజమిన్ బ్లూమ్ అనే విద్యా పరిశోధకుడు 1984లో రాసిన పేపర్లోది. ట్యూటరింగ్ సంస్థల ప్రకటనల్లో ఈ అంకె తెగ తిరుగుతుంది. ఆ ప్రయోగాల్లో పిల్లలకు నేర్పింది సంభావ్యత, మ్యాపుల తయారీ. రాయడం కాదు. పైగా 2011లో వాన్‌లేన్ ఇలాంటి అధ్యయనాలు చాలా కలిపి చూస్తే, ట్యూటర్ వల్ల వచ్చే మెరుగు బ్లూమ్ చెప్పినదాంట్లో సగంకన్నా తక్కువే తేలింది. అది కూడా మంచి మెరుగే, మహిమ మాత్రం కాదు.

రాయడం గురించే కావాలంటే గ్రాహమ్, పెరిన్ 2007లో వేసిన లెక్క చూడండి. నాలుగు నుంచి పన్నెండో తరగతి వరకు పిల్లల మీద జరిగిన ప్రయోగాలన్నీ కలిపి చూశారు. అన్నిటికన్నా బాగా పనిచేసినవి రెండు: ముందు ప్లాను, తర్వాత చిత్తు, ఆపైన తిరగరాయడం అనే వరసను విడమరిచి నేర్పడం, చదివినదాన్ని కుదించి రాయించడం. రెండిటికీ ప్రభావం 0.82 (అలా నేర్చుకోని పిల్లలతో పోలిస్తే ఎంత తేడా అన్న కొలత ఇది, సున్నా అంటే తేడా లేనట్టు, 0.8 దాకా వస్తే పెద్ద మెరుగు). ఇద్దరు ముగ్గురు కలిసి ఒకరి రాత ఒకరు చూసుకుంటూ రాయడం 0.75. రాసేముందు స్పష్టమైన లక్ష్యం ఇవ్వడం 0.70. చిన్న వాక్యాల్ని కలిపి పెద్ద వాక్యం కట్టించే అభ్యాసం 0.50. మంచి నమూనాలు చదివించి అలా రాయమనడం 0.25 మాత్రమే. ఇక వ్యాకరణాన్ని విడిగా పాఠంలా చెప్పడం? సున్నా కింద, మైనస్ 0.32. వ్యాకరణం పాఠాలతో రాత మెరుగుపడదని 1963లో బ్రాడక్ బృందం, 1986లో హిల్లక్స్ కూడా తేల్చారు.

ఇవన్నీ ఎక్కువగా ఇంగ్లీషులో రాసే బడిపిల్లల లెక్కలు, పెద్దవాళ్ళకు యథాతథంగా అతికించలేం. అయినా సగంపేజీ గారికి ఒక పనికొచ్చే ప్రశ్న ఇందులో ఉంది. ఆ ట్యూటర్ గంటలో ఏం చేయిస్తారు? సంధులు, సమాసాలతో మొదలుపెడితే నమస్కారం పెట్టి వచ్చేయండి. రాయించి, చదివి, తిరగరాయిస్తే ఆలోచించండి.

వానాకాలం | మంగళవారం, మధ్యాహ్నం 2:10

నమూనాలు చదవడం 0.25 అంటే నమ్మబుద్ధి కావడం లేదు. మంచి పుస్తకాలు చదవకుండా ఎవరైనా మంచి రచయిత అయ్యారా?

గణాంకం | మంగళవారం, మధ్యాహ్నం 2:25

కాలేదు. కానీ ఆ లెక్క జీవితకాలం చదవడం గురించి కాదండీ. క్లాసులో ఒక నమూనా ఇచ్చి "ఇలా రాయండి" అంటే ఎంత ఫలితమన్నదే. చదవడం అవసరం. దానికదే చాలదు, అంతే. రోజంతా పాటలు వింటున్నా గొంతు పలకనివాళ్ళు ఎంతమంది లేరు?

అచ్చుతప్పు | మంగళవారం, సాయంత్రం 7:45

గాల్లో ఎంతసేపు మాట్లాడుకుంటాం. సగంపేజీ గారూ, మీరు రాసింది ఒక పేరా ఇక్కడ పెట్టండి. నేను కాపీ ఎడిటింగ్ చేసి బతుకుతాను, రోజూ పదిమంది రాతలు కళ్ళముందు తిరుగుతాయి. మీకు ట్యూటర్ కావాలా వద్దా అన్నది మీ పేరానే చెబుతుంది.

సగంపేజీ | మంగళవారం, రాత్రి 9:20

కాస్త టెన్షన్‌గానే ఉంది. పెడుతున్నాను. "మా తాతగారి రేడియో" అనే వ్యాసం ఎత్తుగడ:

> మానవ జీవితంలో జ్ఞాపకాలు అనేవి ఎంతో ముఖ్యమైన పాత్రను పోషిస్తాయి. అటువంటి మధుర జ్ఞాపకాలలో మా తాతగారి యొక్క రేడియో ఒకటిగా చెప్పుకోవచ్చు. ప్రతిరోజూ సాయంత్రం వార్తల సమయానికి ఆయన చేత ఆ రేడియో ఆన్ చేయబడేది, ఇంట్లో అందరూ నిశ్శబ్దంగా ఉండవలసిన పరిస్థితి ఏర్పడేది. బ్యాటరీలు అయిపోతే వాటిని ఎండలో పెట్టి మళ్ళీ వేసి వినేవారు. ఆ రోజులు మళ్ళీ తిరిగి రావు.

కొసమెరుపు | మంగళవారం, రాత్రి 9:38

బాగుందండీ, కాకపోతే కాస్త పరీక్ష పేపరు వాసన. నేనైతే ఇలా రాస్తా, చూడండి:

> తాతయ్య రేడియోకి చావు లేదు. బ్యాటరీలు ప్రాణం విడిచిన ప్రతిసారీ సూర్యుడే దిగొచ్చి ఊపిరి పోసేవాడు. సాయంత్రం ఆ డొక్కు డబ్బా గొంతు విప్పిందంటే ఇల్లంతా కర్ఫ్యూ!

పదునులేనిపెన్సిల్ | మంగళవారం, రాత్రి 9:41

కర్ఫ్యూ 😂 సూపర్.

అచ్చుతప్పు | మంగళవారం, రాత్రి 10:30

కొసమెరుపు గారూ, మీ మూడు వాక్యాలూ చురుగ్గా ఉన్నాయి, కాదనను. కానీ అవి మీవి. సగంపేజీ గారి తాతగారు అందులో లేరు, మీ చమత్కారం ఉంది. ఆవిడ అది చూసి "అబ్బ, నాకెందుకు ఇలా రాదు" అనుకోవడం తప్ప రేపు రాసే పేరాకి ఏమీ మిగలదు.

సగంపేజీ గారూ, మీ పేరాలో నాకు కనిపించినవి చెబుతాను. మొదటి రెండు వాక్యాలు ఏ వ్యాసం మీదైనా పెట్టొచ్చు. రేడియో తీసేసి గడియారం పెట్టినా చెల్లుతుంది, అంటే అవి మీ వ్యాసానివి కావు. బడిలో వ్యాసరచనకి అలా "ఉపోద్ఘాతం" పెట్టమని నేర్పారు, చేతికి అలవాటైపోయింది. మూడో వాక్యం చూడండి. "ఆయన చేత ఆన్ చేయబడేది", "పరిస్థితి ఏర్పడేది". మీరు ఇంట్లో "నా చేత కాఫీ తాగబడింది" అంటారా? ఆఫీసు రిపోర్టుల్లో ఎవరు చేశారో చెప్పకుండా దాటేయడానికి ఈ వాక్యాలు పనికొస్తాయి. ఇక్కడ చేసింది తాతగారు, దాచాల్సిందేం లేదు. "తాతగారి యొక్క"లో "యొక్క" తీసేసి చదవండి, ఏం పోయింది? చివరి వాక్యం రాసింది మీరు కాదు, అలవాటు రాసింది.

ఇక నాలుగో వాక్యం. బ్యాటరీలు ఎండలో పెట్టడం. పేరా మొత్తానికి ప్రాణం అక్కడుంది, మీరేమో ఒక్క ముక్కలో దాటేశారు. "పెట్టి, వేసి, వినేవారు" అని మూడు పనులు గొలుసుకట్టేసి పరిగెత్తారు. తెలుగులో ఈ "చేసి, వెళ్ళి, చూసి"లతో ఎంత కథైనా ఒక్క వాక్యంలో లాగేయొచ్చు. ఆ సుఖమే దెబ్బతీస్తుంది, ఏ పని దగ్గరా చదివేవాడు నిలబడడు.

నేను తిరగరాసి ఇవ్వను. కొన్ని ప్రశ్నలు అడుగుతాను. బ్యాటరీలు ఎక్కడ పెట్టేవారు? పడుకోబెట్టా, నిలబెట్టా? ఎంతసేపు? మధ్యలో చూసుకునేవారా? ఎండలో పెట్టాక శబ్దం మామూలుగా వచ్చేదా, ఏమైనా తేడా ఉండేదా? మీరంతా ఏం చేసేవాళ్ళు అప్పుడు?

కొసమెరుపు | మంగళవారం, రాత్రి 10:52

నేను సాయం చేద్దామనే కదండీ రాసింది. దిద్దితే నేర్చుకుంటారు, అడిగితే నేర్చుకుంటారా?

తిరగరాత | బుధవారం, ఉదయం 7:15

ఇక్కడ నేను మాట్లాడొచ్చు, రెండు రకాల ట్యూటర్లూ నాకు అనుభవమే.

మొదటాయన మహా పండితుడు. నేను పంపిన ప్రతి వ్యాసం అద్భుతంగా తిరిగొచ్చేది. ఎర్రరంగులో ఎడాపెడా మార్పులు, ఒక్కోసారి పేరాకి పేరా ఆయనదే. అందరికీ చూపించుకుని మురిసిపోయాను. ఆయన దగ్గర మానేశాక రాయడానికి కూర్చుంటే చేయి ఆడలేదు, ప్రతి వాక్యానికీ "ఆయనైతే ఎలా మారుస్తారో" అన్న ఆలోచన. రెండో ఆవిడ కలం ముట్టుకోదు. నా వ్యాసం నాకే పైకి చదివి వినిపిస్తుంది. ఎక్కడ ఆవిడకి ఊపిరి చాలలేదో, ఎక్కడ వెనక్కి వెళ్ళి మళ్ళీ చదవాల్సొచ్చిందో అక్కడ ఆగుతుంది. "ఇక్కడ నాకు అర్థం కాలేదు" అంటుంది, "ఇది తప్పు" అనదు. ఒకసారి నేను "నిన్న వచ్చిన మేనేజర్ తమ్ముడు ఫైలు అడిగాడు" అని రాశాను. "నిన్న వచ్చింది మేనేజరా, తమ్ముడా?" అని అడిగింది. నాకు తెలుసు కాబట్టి నాకు ఆ సందేహమే రాలేదు. అప్పటినుంచి "వచ్చిన, చేసిన, చూసిన" కనిపిస్తే చాలు, అది ఎవరికి తగులుతోందో ఒకసారి చూసుకుంటాను. ఇది ఏ పుస్తకంలోనైనా దొరుకుతుందేమో, కానీ నా వాక్యంలో దొరికింది కాబట్టి గుర్తుండిపోయింది.

రెండిట్లో మొదటిదానికే ఫీజు ఎక్కువ అయింది, అది వేరే సంగతి.

నల్లబల్ల | బుధవారం, ఉదయం 7:40

కొసమెరుపు గారి ప్రశ్న న్యాయమైనదే. పేరున్న రచయితల విషయంలోనూ ఈ గొడవ ఉంది. రేమండ్ కార్వర్ అనే అమెరికన్ కథకుడి 1981 సంపుటిని ఎడిటర్ గోర్డన్ లిష్ ఎంత కోశాడంటే, కొన్ని కథలు సగానికన్నా తక్కువకి వచ్చేశాయి. కార్వర్ అంతకుముందే, 1980లో, ఈ పుస్తకం ఆపేయమని బతిమాలుతూ ఉత్తరం రాశాడు. పుస్తకం ఆగలేదు, పేరు బ్రహ్మాండంగా వచ్చింది. ఆయన పోయాక, 2009లో, కత్తెర పడని అసలు కథలు అచ్చయ్యాయి. ఏది మెరుగు అని చదివినవాళ్ళు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. పుస్తకం బాగుపడటం, రచయిత బాగుపడటం వేరువేరు పనులు. ఎడిటర్‌కి మొదటిది ముఖ్యం. ట్యూటర్‌కి రెండోది.

కొసమెరుపు | బుధవారం, ఉదయం 8:02

ఇది ఒప్పుకుంటాను. నేను ఎడిటర్ పని చేశాను, అడిగింది ట్యూటర్ పని. కర్ఫ్యూ మాత్రం బాగుంది కదా?

అచ్చుతప్పు | బుధవారం, ఉదయం 8:10

బాగుంది. మీ వ్యాసంలో వాడుకోండి.

సగంపేజీ | బుధవారం, రాత్రి 10:05

పొద్దున్నుంచి అచ్చుతప్పు గారి ప్రశ్నలే తిరుగుతున్నాయి బుర్రలో. అమ్మకి ఫోన్ చేసి అడిగాను కొన్ని. మళ్ళీ రాశాను:

> బ్యాటరీలు నీరసపడితే తాతగారు వాటిని పిట్టగోడ మీద వరసగా నిలబెట్టేవారు. పడుకోబెడితే దొర్లిపోతాయని. మధ్యాహ్నం నిద్రలో కూడా లేచి వెళ్ళి చేత్తో తాకి చూసేవారు. సాయంత్రం వాటిని వేసి రేడియో చెవికి ఆనించుకునేవారు. వార్తలు చదివే గొంతు ఆయన ఒక్కరికే వినిపించేంత సన్నగా వచ్చేది. మేం ఆయన ముఖం చూస్తూ కూర్చునేవాళ్ళం. కనుబొమలు పైకి లేస్తే ఏదో జరిగిందని అర్థం. ఏం జరిగిందో వార్తలు అయ్యేదాకా అడగకూడదు.

"నిశ్శబ్దంగా ఉండవలసిన పరిస్థితి" ఎటు పోయిందో నాకే తెలియదు. దాని అవసరం రాలేదు.

ఒంటిగంట | బుధవారం, రాత్రి 10:12

అమ్మ బాబోయ్. మొదటిదీ ఇదీ ఒక్కరే రాశారా? కనుబొమల దగ్గర నేను ఆగిపోయాను.

వానాకాలం | బుధవారం, రాత్రి 10:20

చాలా బాగుంది సగంపేజీ గారూ. చిన్న డౌటు. "మధ్యాహ్నం నిద్రలో కూడా లేచి" అంటే నిద్రలో నడిచేవారన్నట్టు వినిపిస్తోంది నాకు.

సగంపేజీ | బుధవారం, రాత్రి 10:24

హహ, నిజమే! "మధ్యాహ్నం నిద్ర మధ్యలో లేచి".

అచ్చుతప్పు | బుధవారం, రాత్రి 11:00

చూశారా, వానాకాలం గారు ఎడిటరూ కాదు, ట్యూటరూ కాదు. చదివారు, తడబడ్డారు, తడబడిన చోటు చెప్పారు. గణాంకం గారు చెప్పిన 0.75 ఇదే అనుకుంటా. అలాంటి చదువరులు ఇద్దరు క్రమం తప్పకుండా దొరికితే ఫీజు కట్టక్కర్లేదు. దొరకడమే కష్టం. స్నేహితులు నొప్పిస్తామేమోనని "బాగుంది" అంటారు, ఇంట్లోవాళ్ళు చదవకుండానే "బాగుంది" అంటారు.

మీ రెండో పేరాలో నాకు ఇంకో సంగతి నచ్చింది. "పడుకోబెడితే దొర్లిపోతాయని." ఇది ప్రధాన క్రియ లేని వాక్యం, పాతకాలం మాష్టారైతే సున్నా చుట్టేవారు. కానీ మనం మాట్లాడేటప్పుడు కారణం ఇలాగే చెబుతాం. గిడుగు రామమూర్తి గారు జీవితమంతా పోరాడింది ఈ తెలుగు కోసమేగా. మీ కొత్త ట్యూటర్ దాన్ని "దిద్దితే" ఎందుకని అడగండి.

చీకట్లోచీమ | గురువారం, ఉదయం 9:30

ఇంత గొడవెందుకు, ఏఐకి ఇస్తే క్షణంలో దిద్ది ఇస్తుంది కదా? నేను అన్ని మెయిళ్ళూ దానికే ఇస్తున్నాను.

తిరగరాత | గురువారం, ఉదయం 9:55

మెయిళ్ళకి ఇవ్వండి, హాయిగా. కానీ అది నా మొదటి ట్యూటర్ చేసిన పనే ఇంకా వేగంగా చేస్తుంది. సగంపేజీ గారి మొదటి పేరా దానికిచ్చి "మెరుగుపరచు" అంటే నున్నగా చేసి ఇస్తుంది. పిట్టగోడ సంగతి దానికి తెలియదు, మీరు చెబితే తప్ప. "నన్ను ప్రశ్నలు మాత్రమే అడుగు, ఒక్క వాక్యం కూడా రాయకు" అని చెప్పి చూడండి, అప్పుడు కొంత పనికొస్తుంది. నేను అలా వాడతాను. అమ్మకి ఫోన్ చేయమని మాత్రం అది అనలేదు ఇంతవరకు.

ఒంటిగంట | గురువారం, ఉదయం 11:20

నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. ట్యూటర్ కుదిరిందనగానే చాలామంది రాయడం తగ్గించేస్తారు. వారానికో గంట క్లాసు, దానికి ముందురోజు హడావిడిగా ఒక పేజీ. అంతే. మిగతా ఆరు రోజులు "నేర్చుకుంటున్నాం" అన్న తృప్తి. ఫ్రాంక్లిన్‌కి తండ్రి ఒక్క పూట చెప్పాడు, ఆ తర్వాత పని ముగిశాక రాత్రి, పని మొదలవకముందు తెల్లవారుజామున, ఆదివారాలు చర్చికి కూడా ఎగనామం పెట్టి సాధన చేశాడు. ఈ నిష్పత్తి గుర్తుపెట్టుకోండి.

నల్లబల్ల | గురువారం, ఉదయం 11:45

ఇక్కడ మీతో నూరుశాతం ఏకీభవిస్తున్నాను. పండగ చేసుకుందాం.

పాతకాగితం | గురువారం, సాయంత్రం 6:10

ఎర్రసిరా సంగతి ఒకటి కలుపుతాను. రెండో భాషగా ఇంగ్లీషు నేర్పేవాళ్ళలో దీనిమీద పెద్ద యుద్ధమే జరిగింది. వ్యాకరణ దోషాలు దిద్దడం వల్ల రాత మెరుగుపడదు, పైగా చెడుపు చేస్తుంది, మానేయండి అని 1996లో ట్రస్కాట్ రాశాడు. 1999లో డేనా ఫెరిస్ ఎదురు జవాబిచ్చింది: అన్ని దిద్దుబాట్లూ ఒకటి కావు, ఎంపిక చేసి స్పష్టంగా చూపిస్తే పనిచేస్తుందని. నేను కొన్నాళ్ళు పిల్లల వ్యాసాలు దిద్దాను. పేజీలో ఇరవై తప్పులు చుడితే ఆ పిల్లవాడు మార్కు చూసి కాగితం మడిచేస్తాడు. ఒకే రకం తప్పు, దీర్ఘాలో ఒత్తులో ఏదో ఒకటి, మూడు చోట్ల చుట్టి "ఇలాంటివి ఇంకా ఉన్నాయి, వెతుకు" అంటే వెతుకుతాడు. పెద్దవాళ్ళూ అంతే.

సగంపేజీ గారూ, ట్యూటర్ మొదటి క్లాసులో మీ కాగితం ఎంత ఎర్రబడిందో చూసుకోండి.

నిర్వాహకులు | శుక్రవారం, ఉదయం 10:00

"ఏ ట్యూటర్ మంచివారు, నంబరు ఇవ్వండి" అంటూ వచ్చిన రెండు పోస్టులు తొలగించాం. వ్యక్తుల పేర్లు, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టకండి. చర్చ కొనసాగించండి.

సగంపేజీ | ఆదివారం, రాత్రి 8:30

నిన్న ట్రయల్ క్లాసు అయింది. ఎలా జరిగిందో చెబుతున్నాను.

రేడియో పేరా రెండు రూపాలూ పంపాను, ఏది మొదటిదో చెప్పకుండా. ఆయన రెండోది పైకి చదివి "ఏం జరిగిందో వార్తలు అయ్యేదాకా అడగకూడదు" దగ్గర ఆగి, "తర్వాత పేజీలో అడిగారా?" అన్నారు. తర్వాత పేజీయే లేదని చెప్పాను. మీ సమస్య వాక్యం కాదేమో, ఒక విషయం తేలగానే ఆగిపోవడమేమో అన్నారు. చప్పబడిపోతోందని నేను ఇన్నాళ్ళూ మాటలు మారుస్తూ కూర్చున్నాను. వచ్చే వారానికి కొత్త వ్యాసం వద్దు, ఇదే రెండు పేజీలు చేయమన్నారు. దిద్దింది ఒక్క చోటే. నేను "యొక్క" పెట్టిన చోట.

ఒకటి మాత్రం నచ్చలేదు. "రోజూ డైరీ రాయండి, ఏదో ఒకటి" అన్నారు. ఏదో ఒకటి రాస్తే చేయి తిరుగుతుందా, చెడు అలవాట్లే తిరుగుతాయా?

గణాంకం | ఆదివారం, రాత్రి 8:50

ఏదో ఒకటి వద్దు. లక్ష్యం పెట్టుకోవడం 0.70 అన్నాను కదా. ఈ రోజు ఒక మనిషి చేతులు ఏం చేస్తున్నాయో మాత్రమే రాస్తాను, రేపు ఒక వాదనని ఎదుటివాడి వైపు నుంచి రాస్తాను, ఇలా.

అచ్చుతప్పు | ఆదివారం, రాత్రి 9:05

వాయిదా వేయకుండా చేరండి. మూడు నెలలకి మాట్లాడుకోండి, సంవత్సరానికి ముందే డబ్బు కట్టేయకండి. ఆయన ప్రశ్నలు మీకు ముందే తెలిసిపోవడం మొదలైతే మానేసే టైమొచ్చినట్టు. ఆఫీసు రిపోర్టు ఒకటి కూడా తీసుకెళ్ళండి, "చేయబడింది"లు అక్కడే ఎక్కువ పెరుగుతాయి.

సగంపేజీ | ఆదివారం, రాత్రి 9:12

రిపోర్టు ఇవ్వొచ్చా? అందులో కంపెనీ వివరాలుంటాయి.

తిరగరాత | ఆదివారం, రాత్రి 9:20

పేర్లు, అంకెలు మార్చేసి ఇవ్వండి. నేనలాగే చేశాను. అయినా ఒకసారి మీ ఆఫీసు రూల్స్ చూసుకోండి ముందు.